ఒకటో తారీఖు తోడల్లుడు

"ఈ భవనంలో అద్దెకుండేవాడు ఒక్కడూ లేడు! ఉండబోడు! ఉండనివ్వం!"

అధ్యక్షులవారు బల్ల గుద్ది ఈ మాట అనగానే కింది హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నివాసుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఆయన ఏటా అనే మాటే ఇది. ఏటా మోగే చప్పట్లే అవి. అయినా ప్రతిసారీ ఆయన కళ్ళు చెమరుస్తాయి. పేట పేటంతా అద్దెలు ఆకాశాన్నంటుతున్న రోజుల్లో, పక్క భవనాల్లో నెలకొక సామాన్ల బండి వచ్చి పోతున్న కాలంలో, ఒక భవనం మొత్తం సొంతదారులతో నిండి ఉండటమంటే సామాన్యమా!

ఒక్కడూ లేడనడం నిజానికి చిన్న అతిశయోక్తి. డాబా మీది గదిలో బేకరీ కుర్రాడొకడు భార్యతో సహా అద్దెకుంటున్నాడు. దాచుకోకుండా, సిగ్గుపడకుండా, పట్టపగలు అద్దెకుంటున్నాడు! అడిగితే "అద్దెకేనండీ" అని నవ్వుతూ చెబుతాడు కూడా. వాడి ధైర్యానికి సంఘం నివ్వెరపోయింది. నివ్వెరపోయి ఊరుకోలేదు. లిఫ్టు పక్కన పలక మీద నిబంధన రాయించింది. "అద్దెదారులు లిఫ్టు వాడరాదు. వెనక వైపు ఇనప మెట్లు వాడవలెను. సంఘం వ్యవహారాలలో మాట్లాడరాదు. ఇట్లు, అధ్యక్షుడు."

ఆ మెట్లు గుండ్రంగా, పాములా చుట్టుకుంటూ డాబా దాకా వెళ్తాయి. కుర్రాడూ పెళ్ళామూ సెకండ్‌హ్యాండు ఫ్రిజ్జు ఒకటి కొనుక్కుని ఆ మెట్ల మీదుగానే పైకి చేర్చారు. వాళ్ళు మోస్తున్నంతసేపూ అధ్యక్షులవారు కింద నిలబడి స్వయంగా పర్యవేక్షించారు. కటకటాల రంగు గీసుకుపోకుండా!

ఇక అసలు సంగతి. అధ్యక్షులవారు కూడా అద్దెకే ఉంటున్నారు.

ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు. ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరై, ఈ భవనంలో దిగిన మొదటి రోజున, లిఫ్టులో పై అంతస్తు పళ్ళ డాక్టరు "కొనుక్కున్నారా?" అని అడిగాడు. చేతిలో బరువైన పెట్టె ఉంది. పెద్ద సంభాషణకి ఓపిక లేదు. "ఆ" అన్నారు. అంతే! ఆ ఒక్క అక్షరాన్నే ఇన్నేళ్ళుగా పెంచి పోషించుకుంటూ వస్తున్నారు. అది పెరిగి పెద్దదై ఆయన్ని సంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది.

అద్దెకున్నాక ఇంటాయన అద్దె కోసం రాక మానడు కదా. ప్రతి ఒకటో తారీఖునా వస్తాడు. బట్టతల, చంకలో తోలు సంచి, గొంతులో ఎడతెగని దగ్గు. ఆయన్ని ఎవరైనా చూసి ఎవరని అడిగితే? మొదటి నెలే అధ్యక్షులవారు దానికి ఉపాయం ఆలోచించారు.

"మా తోడల్లుడుగారు!" అని మెట్ల మీద ఎదురైన పాలవాడికి పరిచయం చేశారు.

తలుపు వేశాక భార్య అడిగింది. "నాకు అక్కలేదు కదండీ?"

"ఉంటే ఏం పోయింది?"

"నేనొక్కదాన్నే కదా మా అమ్మకి!"

"ఎవరొచ్చి లెక్కపెడతారే? కాఫీ పెట్టు. గట్టిగా 'బావగారూ' అని పిలువు. కిటికీ తీసి మరీ పిలువు."

వెనక గదిలో మంచం మీద ఉన్న అత్తగారికి ఈ ఏర్పాటు ఎప్పటికీ అంతుపట్టలేదు. "నేను కనని కూతురికి మొగుడెక్కణ్ణించి ఊడిపడ్డాడే?" అని ఒకటో తారీఖు వచ్చినప్పుడల్లా అడిగేది.

అద్దె చేతికిచ్చే పద్ధతి కూడా ఆయనే కనిపెట్టారు. రసీదు వద్దన్నారు. రసీదంటే కాగితం, కాగితమంటే ఎవరి కంటో పడేది. డబ్బు కవరులో పెట్టి, గుమ్మం బయటికొచ్చి, నలుగురికీ వినబడేలా, "కాదనకండి అన్నయ్యగారూ! పిల్లలకి ఏమైనా కొనిపెట్టండి!" అని ఇంటాయన జేబులో కుక్కేవారు. ఇంటాయనకి పిల్లల్లేరు. ఉన్నా లేకపోయినా ఆయనకి పట్టింపు లేదు. "ఎవరేమని పిలిస్తే నాకేమిటండీ, ఒకటో తారీఖున పిలిస్తే చాలు" అనేవాడు.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా ఓ ఒకటో తారీఖున తోడల్లుడుగారు కాఫీ తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా చెప్పాడు. పేటలో అద్దెలు రెట్టింపయ్యాయట. తను మాత్రం ఎందుకు వెనకబడాలట. వచ్చే ఏటినుంచి రెట్టింపు ఇవ్వాలట, లేదంటే ఖాళీ చెయ్యాలట.

అధ్యక్షులవారు వేళ్ళ మీద లెక్కవేసుకున్నారు. ఉన్నదంతా పింఛనే. అద్దె రెట్టింపైతే పింఛను మొత్తం కవరులోకే పోతుంది. పోనీ ఎక్కడికైనా వెళ్దామంటే అత్తగారు ఉంది. వారంలో రెండుసార్లు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని ఎదురు వీధి ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించుకొస్తేనే ఆవిడ బతుకు. ఊరవతల చవకిల్లు దొరికినా అక్కణ్ణించి ఆవిణ్ణి ఎలా తీసుకురావడం? ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలిద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

అయితే అదృష్టం అప్పుడప్పుడూ మన తలుపు కూడా తడుతుంది. నగర పాలక మండలి కొత్త చట్టం చేసింది. పేటల్లో ఎవరుంటున్నారో ఇంటింటికీ తిరిగి లెక్క రాస్తారు. ఆ లెక్కలో అద్దెదారు అని నమోదైన వాళ్ళ అద్దె పెంచడానికి వీల్లేదు, ఖాళీ చేయించడానికి అసలే వీల్లేదు. ఒక్కటే షరతు. అడిగినప్పుడు "అద్దె" అని చెప్పాలి. రెండక్షరాలు!

"హమ్మయ్య! దేవుడే కాపాడాడు" అంది భార్య. "చెప్తారుగా?"

"చెప్పకేం? చెవిలో చెప్తా."

లెక్కలు రాసే అమ్మాయి రానే వచ్చింది. కానీ వచ్చిన వేళే బాగాలేదు. సంఘం సభ్యులందరూ లిఫ్టు మరమ్మతు గురించి చర్చించడానికి కింది హాల్లో కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గర, నిబంధన ప్రకారం మాట్లాడకుండా, బేకరీ కుర్రాడూ భార్యా నిలబడి ఉన్నారు.

"అందరూ ఇక్కడే ఉన్నారు కదండీ, పని తేలికైపోయింది" అని ఆ అమ్మాయి కలం తీసింది. "ముందుగా అధ్యక్షులుగారు చెప్పండి. మీ ఇల్లు సొంతమా, అద్దెదా?"

హాలు హాలంతా అధ్యక్షులవారి వైపు తిరిగింది. ఆయన చేతిలో కాగితాలు సర్దుకున్నారు. భార్య పక్కనుంచి మోచేత్తో పొడిచింది.

"విడిగా చెప్పాలంటే మీ ఇంటికొస్తానండీ" అంది అమ్మాయి మంచితనంగా.

ఆ మంచితనమే కొంప ముంచింది. "విడిగానా! దాచుకోవాల్సిన ఖర్మ మాకేమిటమ్మా?" అని అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు. "సొంతం! రాసుకో!"

పళ్ళ డాక్టరు మఫ్లరు సవరించుకుని, "సొంతం" అన్నాడు. మొదటి అంతస్తు సంగీతం టీచరమ్మ శ్రుతి తప్పకుండా, "సొంతమే" అంది. వెనక కూర్చున్న తక్కిన ఇళ్ళవాళ్ళు ఒకరి వెంట ఒకరు తలూపారు.

"మేం అద్దెకేనండీ" అన్నాడు తలుపు దగ్గర బేకరీ కుర్రాడు.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా రాసుకుని, "ఏమైనా సవరణలుంటే శుక్రవారం సాయంత్రం లోపల మా ఆఫీసుకి రండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంట్లో జరిగిన యుద్ధం వర్ణించనక్కర్లేదు. "మా అమ్మ ప్రాణం కంటే మీ అధ్యక్ష పదవి ఎక్కువైపోయిందా?" అని భార్య ఏడ్చింది. అధ్యక్షులవారికి కూడా ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. శుక్రవారం తప్పకుండా వెళ్ళి దిద్దుకొస్తానని ఒట్టేశారు.

మాట నిలబెట్టుకున్నారు. శుక్రవారం పొద్దున్నే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తెలియని వీధుల్లోంచి చుట్టు తిరిగి ఆఫీసు చేరారు. బల్ల మీద అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎండాకాలంలో మఫ్లరుతో తల మొత్తం చుట్టుకున్నాడు. ఆ మఫ్లరు అధ్యక్షులవారికి బాగా తెలిసినదే.

"డాక్టరుగారా! ఇక్కడ మీకేం పని?"

"కుక్కకి లైసెన్సు" అన్నాడు డాక్టరు తడుముకుంటూ. "మరి మీరో?"

"నేను కూడా కుక్కకే" అన్నారు అధ్యక్షులవారు.

ఇద్దరికీ కుక్కల్లేవు. భవనంలో కుక్కలు పెంచకూడదని నిబంధన చేసింది అధ్యక్షులవారే. పక్కన ముసుగేసుకుని కూర్చున్న ఒకావిడ ఈ మాట విని చిన్నగా దగ్గింది. ఆ దగ్గులో కూడా స్వరం ఉంది. సంగీతం టీచరమ్మ!

"నేను పిల్లి కోసం వచ్చాను" అంది ఎవరూ అడగకుండానే.

ముగ్గురూ కూర్చున్నారు. లోపల్నుంచి ఆ లెక్కల అమ్మాయి తొంగి చూసి, "సవరణలున్నవాళ్ళు రండి!" అని కేకేసింది. ఎవరూ కదల్లేదు. మిగతా ఇద్దరూ వెళ్ళిపోతే లోపలికెళ్దామని ఎవరికి వారే నిశ్చయించుకుని, ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ, కుక్కల ఆరోగ్యం గురించీ పిల్లుల స్వభావం గురించీ మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం దాటింది. "మీరు వెళ్ళండి, ఆలస్యమవుతుంది" అని ఒకరంటే, "అబ్బే, ముందు మీరు" అని ఇంకొకరు. అమ్మాయి మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి కిటికీ మూసేసింది. ముగ్గురూ చాలా మర్యాదగా నమస్కారాలు చేసుకుని, మూడు వేర్వేరు దారుల్లో ఒకే భవనానికి చేరుకున్నారు.

నెల తిరక్కుండా లెక్కల ఫలితం పత్రికలో వచ్చింది. మన పేటవాసులు సంపన్నులని తేలింది! దాదాపు ఇంటింటా సొంతదారులే. మరి ఇలాంటి భవనాలు పేటలో ఎన్ని లేవు! అద్దెకుండేవారు లేనందున అద్దెల నియంత్రణ ఈ పేటకి అవసరం లేదనీ, లెక్కలో నమోదైన కొద్దిమందికి మాత్రం రక్షణ ఉంటుందనీ మండలి ప్రకటించింది.

అధ్యక్షులవారు ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. ఇళ్ళ బ్రోకరు ఒకడు ఎంతో ఉత్సాహంగా ఆస్పత్రి వెనక ఒక వాటా చూపించాడు. తలుపు తెరవాలంటే మంచం మడవాలి. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు.

"మధ్యలో బయటికి వెళ్ళాలంటే?" అడిగింది భార్య.

"ఈ కాలంలో ఇంట్లో ఉండటమే గొప్పమ్మా, బయటికెందుకు?" అన్నాడు బ్రోకరు. అద్దె చెప్పాడు. అధ్యక్షులవారు గోడ పట్టుకున్నారు.

"ఇంత అన్యాయమా!"

"అన్యాయమేముంది సార్! ఈ పేటలో అందరూ సొంతిళ్ళవాళ్ళేనని లెక్కల్లో తేలిపోయింది. డబ్బున్నవాళ్ళ పేట! ఆ వార్త వచ్చాక రేటు ఇంకాస్త పెరిగింది" అని బ్రోకరు గర్వంగా చెప్పాడు. "అన్నట్టు, ముసలాళ్ళున్న ఇంటికి ఓనరుగారు ఇవ్వరు సార్. రాత్రుళ్ళు మూలుగుతారట."

తిరుగుదారిలో భార్య పది అడుగులు ముందే నడిచింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడకపోవడం అధ్యక్షులవారికి తిట్లకంటే భయంగా ఉంది.

ఇల్లు చేరి హాల్లో అడుగుపెట్టేసరికి లిఫ్టు ముందు బట్టతల, తోలు సంచి! ఒకటో తారీఖు కాదు. నెల మధ్య! అధ్యక్షులవారికి పైప్రాణం పైనే పోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"అన్నయ్యగారూ! మీరా!"

సరిగ్గా అదే క్షణంలో లిఫ్టులోంచి బయటికొస్తున్న పళ్ళ డాక్టరు, "మావయ్యా! ఇప్పుడొచ్చావేం?" అన్నాడు. మెట్లు దిగుతున్న సంగీతం టీచరమ్మ, "ఒరే అన్నయ్యా!" అని నోరు తెరిచి, తెరిచిన నోరు అలాగే ఉంచేసింది.

ముగ్గురి బుర్రలూ వరసలు కడుతున్నాయి. అధ్యక్షులవారికి తోడల్లుడు, డాక్టరుకి మేనమామ, టీచరమ్మకి తోడబుట్టినవాడు. అంటే టీచరమ్మ డాక్టరుకి అమ్మో పిన్నో కావాలి. వయసులో చూస్తే డాక్టరే పెద్ద. భవనం మొత్తాన్ని ఒకే కుటుంబం చేసిన ఆ మహానుభావుడు మాత్రం తొణక్కుండా దగ్గాడు.

"అందరూ ఉన్నారు, మంచిదైంది. ఒక్కసారే చెప్పేస్తాను. వచ్చే నెలాఖరుకి ఇళ్ళన్నీ ఖాళీ చెయ్యండి. గదులు చేసి రోజు లెక్కన అద్దెకిద్దామనుకుంటున్నాను."

"డాబా మీదవాళ్ళని కూడానా?" అంది టీచరమ్మ ఆశగా.

"వాళ్ళనెలా కదుపుతానమ్మా? వాళ్ళు అద్దెవాళ్ళు. చట్టం ఉంది." ఇంటాయన ఆప్యాయంగా అందరి వైపూ చూశాడు. "మీరంటే మా వాళ్ళు!"

కేసు అద్దెల అధికారిణి దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని, దాని కోసమే బల్లంతా వెతుక్కునే ఆవిడ. ఒక వైపు ఇంటాయన. రెండో వైపు భవనం మొత్తం. చక్రాల కుర్చీలో అత్తగారు కూడా వచ్చింది, ఇంట్లో ఒంటరిగా వదలలేక. వెనక వరసలో సాక్షిగా పిలిపించిన బేకరీ కుర్రాడు, అతని భార్య.

"వీళ్ళు అద్దెకున్నారంటున్నారు. మీరేమంటారు?" అధికారిణి ఇంటాయన్ని అడిగింది.

"అయ్యో, అద్దె ఏమిటండీ! చుట్టాలు! ఈయన నా తోడల్లుడు. ఇన్నేళ్ళుగా భవనమంతా వింటోంది. అభిమానంతో ఉండమన్నాను, ఉన్నారు. చుట్టాలన్నాక ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోవాలి కదండీ?"

"నెలనెలా డబ్బు తీసుకున్నారటగా?"

"పిల్లలకి ఏమైనా కొనిపెట్టమని ఇచ్చేవారండీ. గుమ్మంలో నిలబడి, అందరూ వినేలా. నాకు పిల్లల్లేరనుకోండి. ప్రేమగా ఇస్తుంటే కాదనలేకపోయాను."

అధికారిణికి కళ్ళజోడు దొరికింది. దాన్ని పెట్టుకుని అధ్యక్షులవారి వైపు చూసింది. "లెక్కలప్పుడు సొంతమన్నారు. భవనంలో ఇంటాయన్ని తోడల్లుడని చెప్పుకున్నారు. ఇప్పుడు అద్దె అంటున్నారు. ఇందులో ఏది నమ్మమంటారు?"

అధ్యక్షులవారు వెనక్కి తిరిగి చూశారు. చుట్టూ డాక్టరు, టీచరమ్మ, చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఉన్నాయి. అప్పుడు ఆయన భార్య లేచింది.

"నాకు అక్కలేదండీ. చెల్లెలూ లేదు. మా అమ్మకి నేనొక్కదాన్నే. అదిగో మా అమ్మ, అడగండి."

"ఒక్కతే!" అంది అత్తగారు కుర్చీలోంచి, హాలు మారుమోగేలా. "ఆ బట్టతలాయనకి నేను పిల్లనివ్వలేదు! నా అల్లుడు ఒక్కడే. వాడికే ఇంకా బుద్ధి రాలేదు!"

ఎవరూ నవ్వలేదు. భార్య కూర్చుంటూ, భర్త వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు అధ్యక్షులవారికి ఎక్కడో లోపల తగిలింది. లేచి నిలబడి, "నేను..." అన్నారు. "నేను అద్దెకుంటున్నానండీ. మొదటి రోజునుంచీ."

ఆ మాట బయటికొచ్చాక ప్రపంచం తలకిందులు కాలేదు. గోడ గడియారం కూడా ఆగలేదు. ఆయన వెనక డాక్టరు లేచి, "నేనూ అద్దెకేనండీ" అన్నాడు. టీచరమ్మ లేచింది. తక్కినవాళ్ళూ లేచారు. లెక్కలప్పుడు ఎంత చకచకా సొంతమన్నారో, అంతకంటే చకచకా అద్దె అన్నారు.

"బాగుంది" అంది అధికారిణి. "కానీ పోయినసారి కూడా ఇంత గట్టిగానే చెప్పారుట. అదే భవనంలో ఉండే అసలైన అద్దెదారు సాక్ష్యం కావాలి నాకు. రావయ్యా. వీళ్ళు అద్దెకున్నారని నీకు తెలుసా?"

బేకరీ కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. "అబద్ధం చెప్పలేనండీ. వీళ్ళు అద్దెకున్నట్టు నేనెప్పుడూ చూళ్ళేదు. మా భవనంలో అద్దెదారులు వెనక ఇనప మెట్లెక్కాలండీ. పలక మీద రాసుంది, అధ్యక్షులుగారే రాయించారు. ఆ మెట్ల మీద మేం తప్ప ఇంకెవరూ కనబళ్ళేదు మరి."

వాడి ముఖంలో వెటకారం కోసం అధ్యక్షులవారు ఎంత వెతికినా కనిపించలేదు. అదే ఆయనకి మరీ కష్టమైంది.

"అయితే నేనే వచ్చి చూస్తాను" అంది అధికారిణి. "ఏ రోజొస్తానో చెప్పను."

మర్నాటినుంచి వెనక మెట్ల మీద తొక్కిసలాట మొదలైంది! పాలకి వెళ్ళేవాళ్ళు, కూరలు తెచ్చేవాళ్ళు, ఏ పనీ లేకపోయినా ఎక్కిదిగేవాళ్ళు. డాక్టరు తన ఇంట్లోని క్లినిక్కుకి వచ్చే రోగుల్ని కూడా ఆ దారినే పంపాడు, పంటి నొప్పితో పాటు మోకాళ్ళ నొప్పి ఉచితం. టీచరమ్మ వీణ భుజానికెత్తుకుని మలుపులో ఇరుక్కుపోతే, అధ్యక్షులవారు కిందనుంచి నెట్టారు. "నేను పాత అద్దెదారుణ్ణి, నన్ను ముందు వెళ్ళనివ్వండి!" "పాత ఏమిటి, నేనసలు మీకంటే ముందు దిగాను!" అని మెట్టు మెట్టుకీ వాదులాటలే. లిఫ్టు ఖాళీగా ఉంది. దాన్ని తాకడానికి కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు.

అధికారిణి వచ్చిన రోజున అధ్యక్షులవారు మధ్య మలుపులో ఆయాసంతో కూలబడి ఉన్నారు. ఆవిడ కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూసి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుంది.

"చాలండీ, నమ్మాను. సొంతిల్లున్నవాడెవడూ ఇంత అవస్థ పడడు" అంది. అందర్నీ అద్దెదారులుగా నమోదు చేయమని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చింది. అద్దె పెరగదు. ఖాళీ చేయించడం కుదరదు. ఆ సాయంత్రం అధ్యక్షులవారు అత్తగారి మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ ఆయన తల నిమిరి, "పోనీలే, ఇప్పటికైనా నాకు అల్లుడొక్కడే అయ్యాడు" అంది.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది! కానీ మరుసటి ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. అధ్యక్షులవారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల గుద్దారు.

"ఈ భవనంలో సొంతదారుడనేవాడు ఒక్కడూ లేడు! ఉండబోడు! ఉండనివ్వం!"

చప్పట్లు దద్దరిల్లాయి. ఇంటాయన ఇకమీదట అద్దెకొచ్చినప్పుడు వెనక మెట్లే వాడవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. అధ్యక్షులవారి కళ్ళు యథాప్రకారం చెమర్చాయి.

తలుపు దగ్గరనుంచి బేకరీ కుర్రాడు చెయ్యెత్తాడు. పక్కన అతని భార్య. కాళ్ళ దగ్గర నిండు గ్యాస్ సిలిండరు. "అయితే అధ్యక్షులుగారూ, అందరం అద్దెవాళ్ళమే కదండీ. మరి మేం కూడా లిఫ్టులో వెళ్ళొచ్చాండీ?"

అధ్యక్షులవారు కొంచెం ఆలోచించి గొంతు సవరించుకున్నారు.

"చూడు నాయనా. అద్దెదారుల్లో కూడా ఒక వరస ఉంటుంది కదా. మేం పాత అద్దెదారులం. చట్టంతో పోరాడి అద్దెదారులమైనవాళ్ళం. నువ్వు ఊరికే ఉన్నమాట చెప్పి అయిపోయినవాడివి. కాబట్టి ప్రస్తుతానికి..."

"ప్రస్తుతానికి దారివ్వండి."

ఆయన భార్య అత్తగారి చక్రాల కుర్చీ తోసుకుంటూ లిఫ్టు ముందు నిలబడి ఉంది. ఆస్పత్రినుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. ఆవిడ బేకరీ కుర్రాడి భార్య చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరికి తీసుకొచ్చింది.

"ఇదేమిటే, నిబంధన..."

"నాకు అక్కాచెల్లెళ్ళు లేరు. అయినా మీ కోసం ఇన్నేళ్ళూ లేని అక్కని ఒప్పుకున్నాను. కిటికీ తీసి మరీ బావగారూ అని పిలిచాను. ఇవాళ నా కోసం మీరొక చెల్లెల్ని ఒప్పుకోండి." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "ఈ పిల్ల నా చెల్లెలు. ఆ అబ్బాయి మీ తోడల్లుడు. ఇందరి ముందు చెబుతున్నాను, అందరూ వినండి."

"ఇదైతే బాగుంది" అంది అత్తగారు. "ఈ కూతుర్ని నేను కన్నాననే అనుకుంటాను."

కుర్చీ, ఇద్దరాడవాళ్ళు ఎక్కేసరికి లిఫ్టు నిండిపోయింది. తలుపులు మూసుకున్నాయి. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పలక మీద నిబంధన వైపు ఎవరూ చూడలేదు. కుర్రాడు మాత్రం సిలిండరు దగ్గర నిలబడి, ఎంతో మర్యాదగా, కొత్త చుట్టరికానికి కొంచెం సిగ్గుపడుతూ పిలిచాడు.

"అన్నయ్యగారూ, లిఫ్టులో చోటు లేదు. ఇటు రండి, ఈ దారి మనకి అలవాటేగా. అడుగు వైపు మీరు పట్టుకోండి."

అధ్యక్షులవారు అటూ ఇటూ చూశారు. తర్వాత వంగి, సిలిండరు అడుగు పట్టుకున్నారు.